రెండో సిజేరియన్‌కి డేట్ ఇచ్చారా? ముందే ఏమేం చేసి పెట్టుకోవాలంటే

"అక్కా, మొదటిది ఆపరేషన్ అయింది కదా, ఇప్పుడు రెండోది కూడా ఆపరేషనేనట, ఫలానా తారీఖున రమ్మన్నారు, ఏం తీసుకెళ్ళాలి, నొప్పి ఎక్కువుంటుందా?" ఈ మెసేజ్ నాకు నెలలో కనీసం రెండుసార్లు వస్తుంది. వచ్చినప్పుడల్లా వాయిస్ మెసేజ్‌లు పెట్టీ పెట్టీ అలిసిపోయి ఇది రాస్తున్నా. మన తెలంగాణలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే, కాబట్టి రెండోసారి ఈ ప్రశ్న ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరికి ఉంటుంది.

నాకు మొదటిది పన్నెండు గంటలు నొప్పులు పడి పడి చివరికి అర్ధరాత్రి హడావిడిగా చేసిన సిజేరియన్. రెండోది డేట్ పెట్టుకుని, బ్యాగు సర్దుకుని, నడుచుకుంటూ వెళ్ళి చేయించుకున్నది. రెండోదే తేలిక. కానీ "ఒకసారి అయిందేగా, నాకన్నీ తెలుసు" అనుకుని వెళ్ళడం వల్ల కొన్ని తప్పులు చేశాను, అవే ఎక్కువగా చెప్తాను. నేను డాక్టర్ని కాదు. మీ డాక్టర్ చెప్పింది, నేను చెప్పింది వేరుగా ఉంటే డాక్టర్ మాటే వినండి.

ఇంకో సంగతి. మొదటిది ఆపరేషన్ అయితే రెండోది తప్పకుండా ఆపరేషనే అని రూలేం లేదు. పోయినసారి గర్భసంచి మీద కోత కింద అడ్డంగా పెట్టి ఉంటే, వేరే ఇబ్బందులు లేకపోతే, అన్ని వసతులూ ఉన్న ఆస్పత్రిలో మామూలు కాన్పుకి ప్రయత్నించొచ్చు, ప్రయత్నించినవాళ్ళలో నూటికి 60 నుంచి 80 మందికి అవుతుంది కూడా. పాత కుట్టు విడిపోయే ప్రమాదం దాదాపు 200 మందిలో ఒకరికి. అడగాలనుంటే ఏడో నెలలోనే అడగండి, డేట్ ఇచ్చాక కాదు. ఇక కింద రాసిందంతా ఆపరేషన్ ఖాయమైనవాళ్ళకి.

కావాల్సినవి

- పాత డిశ్చార్జ్ సమ్మరీ. ఇది అన్నిటికంటే ముఖ్యం. బయట చర్మం మీద గీత అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపల కోత కూడా అడ్డంగానే పెట్టారని చెప్పలేం, అది ఆ కాగితంలోనే ఉంటుంది. పోయిందా, పాత ఆస్పత్రికి వెళ్ళి కాపీ అడగండి.
- స్కాన్‌లు అన్నీ, రక్త పరీక్షలు, ఆధార్, ఇన్సూరెన్స్ కార్డు లేదా ఆరోగ్యశ్రీ కాగితాలు.
- ముగ్గురు మనుషులు: ఆస్పత్రిలో మీ పక్కన ఒకరు, ఇంట్లో మొదటి బిడ్డ దగ్గర ఒకరు, అవసరమైతే రక్తం ఇవ్వడానికి ఒకరు. ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళయి ఉండాలి.
- ముందు జిప్పు ఉన్న నైటీలు నాలుగు. నడుం పైదాకా వచ్చే వదులు లోదుస్తులు, ఒక సైజు పెద్దవి. మామూలువాటి ఎలాస్టిక్ సరిగ్గా కుట్ల మీదే పడుతుంది.
- పెద్ద ప్యాడ్లు రెండు ప్యాకెట్లు. ఆపరేషన్ అయినా బ్లీడింగ్ ఉంటుంది, నాలుగు నుంచి ఆరు వారాలు.
- చిన్న దిండు, స్ట్రా, జారని చెప్పులు, పొడుగు వైరున్న చార్జర్.
- బిడ్డకి టోపీలు, సాక్సులు, ఉతికి ఆరేసిన పాత మెత్తటి కాటన్ చీర ముక్కలు.

బంగారం, పాలడబ్బా, పాలసీసా, పౌడరు ఇంట్లోనే వదిలెయ్యండి.

1. మాయ ఎక్కడుందో అడగండి

ఏడు, ఎనిమిది నెలల మధ్య చేసే స్కాన్‌లో "మాయ పాత కుట్టు మీద ఉందా, దూరంగా ఉందా?" అని నోరు తెరిచి అడగండి. బిడ్డ బరువు, ఉమ్మనీరు అడుగుతాం, ఇది అడగం. మాయ కిందికి ఉండి పాత కుట్టుకి అతుక్కుంటే ఆపరేషన్‌లో రక్తం బాగా పోవచ్చు. అలాంటివాళ్ళు బ్లడ్ బ్యాంకు, ఐసీయూ ఉన్న పెద్ద ఆస్పత్రిలోనే చేయించుకోవాలి, ఇంటికి దగ్గరని చిన్న నర్సింగ్ హోమ్‌కి వెళ్ళకూడదు. దూరంగా ఉందని రిపోర్టులో రాసుంటే ఆ టెన్షన్ వదిలెయ్యండి.

2. రక్తం పెంచుకోండి

హిమోగ్లోబిన్ 11 పైన ఉండాలి. తక్కువుంటే ఆపరేషన్‌కి వారం ముందు కంగారుపడితే పెరగదు, రెండు నెలలైనా పడుతుంది. ఇక్కడ అందరం చేసే తప్పు ఒకటే: ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర ఒకేసారి మింగడం, లేదా ఐరన్ వేసుకుని వెంటనే టీ తాగడం. అలా చేస్తే ఐరన్ సరిగ్గా ఒంటబట్టదు. ఐరన్ ఒక పూట నిమ్మరసంతో, కాల్షియం ఇంకో పూట. మాత్ర పడకపోతే, మరీ తక్కువుంటే ఐరన్ సెలైన్ ఎక్కిస్తారు, అడగండి. నెల తర్వాత మళ్ళీ టెస్టు చేయించి పెరిగిందో లేదో చూసుకోండి. మీది నెగెటివ్ గ్రూపు అయితే కాన్పయ్యాక 72 గంటల్లోపు వేసే యాంటీ-డి ఇంజెక్షన్ గురించి ఇప్పుడే గుర్తు చెయ్యండి.

3. డేట్ ముందు, ముహూర్తం తర్వాత

మన దగ్గర జరిగేది తలకిందులు. ముందు పంతులుగారిని అడిగి, ఆ చీటీ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్తాం. అలా కాదు. వేరే ఇబ్బంది లేకపోతే మామూలుగా 39 వారాలు నిండాకే చేస్తారు, అంతకంటే ముందు తీస్తే బిడ్డకి ఊపిరి ఇబ్బంది వచ్చి ఎన్ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) పెట్టాల్సిన అవకాశం పెరుగుతుంది. "38లో మంచి నక్షత్రం ఉంది" అని ఎవరన్నా ఒప్పుకోవద్దు. డాక్టర్‌ని నాలుగైదు రోజులు చెప్పమనండి, అందులోంచి పెద్దవాళ్ళని ఎంచుకోమనండి. పగటి పూట అయితేనే. తెల్లవారుజామున మూడింటికి ఆస్పత్రిలో పూర్తి స్టాఫ్ ఉండరు.

నిమిషాల ముహూర్తం మాత్రం పెట్టుకోకండి. రెండోసారి లోపల పాత కుట్టు దగ్గర పొరలు అతుక్కుని ఉండొచ్చు, వాటిని విడదీస్తూ వెళ్ళడానికి ఎంతసేపు పడుతుందో తెరిచేదాకా డాక్టర్‌కే తెలియదు. మా ముహూర్తం సంగతి ఏడో పాయింటులో చెప్తా.

4. ఇక పిల్లలు చాలు అనుకుంటే

ట్యూబులు కట్టించుకోవాలా వద్దా అనేది ఓటీ (ఆపరేషన్ థియేటర్) బల్ల మీద పడుకున్నాక అడిగించుకునే ప్రశ్న కాదు. ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని, ముందే సంతకం పెట్టండి. ఇదే ఆపరేషన్‌లో, వేరే కోత లేకుండా కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. తేల్చుకోలేకపోతే కాపర్-టీ అదే సమయంలో వేయించుకోవచ్చు, తర్వాత తీసెయ్యొచ్చు. మగవాళ్ళకి చేసేది దీనికంటే చిన్న పని, ఆ మాట కూడా ఒకసారి ఆయన చెవిన వెయ్యండి. మా ఇంట్లో వేస్తే ఫ్యాన్ శబ్దం తప్ప ఏం వినపడలేదు.

5. డేట్ కంటే ముందే నొప్పులొస్తే

"ఆపరేషన్ గురువారం కదా, ఇవాళ సోమవారమే" అని ఇంట్లో ఉండిపోవద్దు. నొప్పులు, నీరు పోవడం, రక్తం కనపడటం, పాత కుట్టు దగ్గర తగ్గకుండా నొప్పి, బిడ్డ కదలిక తగ్గడం, ఇందులో ఏ ఒక్కటైనా అప్పటికప్పుడు బయలుదేరండి. దారిలో ఏమీ తినకండి, తాగకండి. బండి లేకపోతే 102కి ఫోన్ చెయ్యండి, ఎమర్జెన్సీ అనిపిస్తే 108.

6. ముందు రోజు: గాజులు తీయండి

నవ్వకండి, ఇది నిజంగా నా సమస్య. సీమంతానికి వేసిన మట్టిగాజులు, చేతికి పదమూడేసి. తొమ్మిదో నెలలో చేతులు ఉబ్బి ఒక్కటీ రాలేదు. పొద్దున్నే ఓటీ బయట సిస్టరమ్మ సబ్బునీళ్ళు పోసి, చేతికి ప్లాస్టిక్ కవరు తొడిగి లాగితే ఎనిమిది వచ్చాయి, మిగతావి గుడ్డ చుట్టి పగలగొట్టారు. మా అత్తమ్మ మొహం చూడాలి అప్పుడు. ముందు రోజు ఇంట్లోనే తీరిగ్గా తీసుకోండి. మెట్టెలు, నల్లపూసలు, ముక్కుపుడక (మర ఉన్నదైతే కంసాలి దగ్గరికి వెళ్ళాల్సి రావచ్చు) అన్నీ తీయాలి, ఆపరేషన్‌లో వాడే కరెంటు పరికరాల వల్ల లోహం దగ్గర కాలే ప్రమాదం ఉంది. తాళి తీయడం పెద్దవాళ్ళకి కష్టంగా ఉంటుంది, పసుపు దారం కట్టుకోనిస్తారేమో ముందే అడిగి ఉంచండి. నెయిల్ పాలిష్ తుడిచెయ్యండి, వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు దాని మీద సరిగ్గా చూపించకపోవచ్చు.

ఇంట్లో మీరే షేవింగ్ చేసుకోవద్దు. చిన్న చిన్న గాట్లు పడి అక్కడే ఇన్ఫెక్షన్ వస్తుంది. కావాలంటే ఆస్పత్రిలో వాళ్ళే క్లిప్పర్‌తో తీస్తారు. షుగర్, బీపీ, థైరాయిడ్ మందులుంటే ఆ పొద్దున ఏది వేసుకోవాలో, ఏది ఆపాలో కాగితం మీద రాయించుకోండి.

7. ఖాళీ కడుపు అంటే ఖాళీ కడుపే

నాకు ఎనిమిదింటికి ఆపరేషన్, ముహూర్తం 8:20 నుంచి 8:50. తెల్లవారుజామున నాలుగున్నరకి మా అమ్మ "రెండు గుక్కలే" అని అరగ్లాసు కాఫీ ఇచ్చింది. తాగేశా. మత్తు డాక్టర్ అడిగితే చెప్పేశాను, ఆయన కోప్పడలేదు గానీ పాలు కలిపిన ఏదైనా అన్నం తిన్నట్టే, ఆరు గంటలు ఆగాలి అన్నారు. పదకొండు గంటలకి లోపలికి తీసుకెళ్ళారు, పాప 11:27కి పుట్టింది. పంతులుగారు మళ్ళీ లెక్క వేసి ఇదే ఇంకా బాగుందన్నారు.

కాఫీ, టీ, పాలు, అన్నం, బిస్కెట్ అన్నిటికీ ఆరు గంటలు. బిర్యానీ లాంటిదైతే ఎనిమిది. మంచినీళ్ళు చాలాచోట్ల రెండు గంటల ముందుదాకా తాగనిస్తారు, మీ దగ్గర ఎంతసేపో అడగండి. పొరపాటున ఏదైనా తాగితే దాచవద్దు. కడుపులో ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది, ముహూర్తం పోతే పోయింది.

8. ఓటీలో

వెన్నులో మత్తు ఇంజెక్షన్ ఇవ్వడానికి బల్ల మీద కూర్చోబెట్టి, గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా వంచమంటారు. నాతో "రొయ్యలా వంగమ్మా" అన్నారు, అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. పొట్ట అడ్డమొస్తుంది, అయినా భుజాలు వదులుగా పెట్టి వంగితే ఇంజెక్షన్ ఒకేసారి పడుతుంది. నొప్పి సెలైన్ సూది కంటే ఎక్కువేం కాదు. కాసేపటికి కాళ్ళు వేడెక్కి బరువుగా అయిపోతాయి.

తర్వాత లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు, లోపల ఎవరో గిన్నెలు సర్దుతున్నట్టు తెలుస్తుంది. అది మామూలే. నొప్పి మాత్రం తెలియకూడదు, తెలిస్తే వెంటనే చెప్పండి. వికారం వస్తే, కళ్ళు తిరిగితే కూడా చెప్పండి, బీపీ తగ్గిందన్నమాట, నిమిషంలో మందిస్తారు. ఒళ్ళంతా గజగజ వణకడం చాలామందికి ఉంటుంది, భయపడకండి.

నేను భయపడింది వేరే దానికి. మొదటిసారి ఒళ్ళు తెలియని అలసటలో ఉన్నాను, ఏమీ వినలేదు. రెండోసారి అన్నీ వినపడ్డాయి. "ఇక్కడ బాగా అతుక్కుపోయింది" అని డాక్టర్ అన్నారు, తర్వాత ఎవరూ మాట్లాడలేదు, గోడ మీద గడియారం వైపే చూస్తూ నాకేదో అయిపోతోందనుకున్నా. ఏమీ కాలేదు, పైన మూడో పాయింటులో చెప్పిన పొరలే అవి. మొదటిసారి కంటే ఎక్కువసేపు పడితే అదే కారణం అయ్యుండొచ్చు. మత్తు డాక్టర్ మీ తల దగ్గరే ఉంటారు, ఏం జరుగుతోందని అడగండి, చెప్తారు.

9. మొదటి రోజు

నొప్పి మందు నొప్పి పెరిగాక కాదు, టైముకి అడిగి వేయించుకోండి. "పాలల్లోకి పోతుందేమో" అని ఓర్చుకునేవాళ్ళున్నారు, మామూలుగా ఇచ్చేవి పాలిచ్చే తల్లులకి సరిపోయేవే. ఇంకో విషయం, రెండో కాన్పులో పాలిచ్చేటప్పుడు గర్భసంచి ముడుచుకునే నొప్పి మొదటిసారి కంటే గట్టిగా ఉంటుంది. కుట్లు విడిపోతున్నాయనుకుని నేను ఏడ్చాను. అది కుట్లు కాదు.

కాళ్ళు కదలడం మొదలవగానే పాదాలు పైకీ కిందికీ ఆడిస్తూ ఉండండి. సిస్టరమ్మలు లేవమన్నప్పుడు లేవండి, పడుకునే ఉంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. లేవడం ఇలా: మోకాళ్ళు ముడిచి, ఒక పక్కకి దొర్లి, కాళ్ళు మంచం కిందికి వదిలి, మోచేత్తో నెట్టుకుంటూ కూర్చోండి. తిన్నగా పడుకున్నవాళ్ళు తిన్నగా లేవబోతే కుట్ల దగ్గర ప్రాణం పోతుంది. ఐదు నిమిషాలు కూర్చుని, తల తిరగడం లేదంటేనే నిలబడండి, ఎవరినైనా పట్టుకుని. దగ్గు, తుమ్ము, నవ్వు వస్తే ఆ చిన్న దిండు పొట్టకి గట్టిగా అదుముకోండి.

చూసుకోవాల్సినవి రెండు. యూరిన్ పైపు తీశాక ఆరు గంటల్లోపు మూత్రం రావాలి, రాకపోతే చెప్పండి. గ్యాస్ పోవాలి, అందుకు నడక, గోరువెచ్చటి నీళ్ళు పనిచేస్తాయి, చూయింగ్ గమ్ నమలడం కూడా. లేచి కూర్చుంటే తల పగిలిపోయి, పడుకుంటే తగ్గిపోతుంటే అది వెన్ను ఇంజెక్షన్ తాలూకు తలనొప్పి కావచ్చు, మామూలు తలనొప్పని మాత్ర వేసుకుని ఊరుకోవద్దు.

10. పాలు

వీలైతే మొదటి గంటలోనే బిడ్డని ఛాతీ మీద పెట్టమని ముందే చెప్పి ఉంచండి. లేదంటే గుడ్డలో చుట్టి పక్క గదిలో చుట్టాలందరికీ చూపిస్తారు. "ఆపరేషన్ కదా, పాలు పడవు" అని పక్క బెడ్డు వాళ్ళు కూడా సలహా ఇస్తారు. ముర్రుపాలు చెంచాడే వస్తాయి, బిడ్డ కడుపు అంతే ఉంటుంది. ఎక్కువ పాలు మూడు, నాలుగో రోజున వస్తాయి. పొట్ట మీద బరువు పడకుండా బిడ్డని చంక కింద ఫైలు పెట్టుకున్నట్టు పట్టుకోండి, లేదా పక్కకి పడుకుని ఇవ్వండి.

సరిపోతున్నాయో లేదో ఏడుపుని బట్టి కాదు, తడి గుడ్డల్ని బట్టి లెక్కపెట్టండి: మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, ఆరో రోజుకి రోజుకి ఆరు దాకా. మొదట్లో బరువు కాస్త తగ్గుతుంది, రెండు వారాలకి పుట్టినప్పటి బరువుకి రావాలి.

11. పథ్యం గొడవ

మొదటి కాన్పుకి మా అమ్మ నాకు పదకొండు రోజులు వెల్లుల్లి కారం, నెయ్యి, అన్నం పెట్టింది. పప్పు తింటే కుట్లు చీము పడతాయని, నీళ్ళు తాగితే పొట్ట వస్తుందని గ్లాసు కొలిచి ఇచ్చేది. ఐదో రోజు మలబద్ధకంతో నేను పడ్డ బాధ ముందు ఆపరేషన్ ఎంత! రెండోసారి వాదించలేదు. ఎనిమిదో నెల చెకప్‌కి అమ్మని వెంట తీసుకెళ్ళి, ఆ ప్రశ్నలన్నీ ఆమె చేతే డాక్టర్‌ని అడిగించాను. కూతురు చెబితే విననిది డాక్టరమ్మ చెబితే వింటారు.

పప్పు, గుడ్డు, ఆకుకూరలు, పాలు తినాలి, కుట్లు మానేది వాటితోనే. దాహం వేసినన్ని నీళ్ళు తాగాలి. వెల్లుల్లి, వాము, శొంఠి వాడుకోండి, వాటితో గొడవ లేదు. సాంబ్రాణి పొగ మాత్రం బిడ్డ ఉన్న గదిలో వద్దు. నడుముకి గుడ్డ కట్టుకుంటే లేవడానికి ఆసరాగా ఉంటుంది, కానీ వదులుగా, కుట్లు పొడిగా ఉంటేనే.

12. కుట్లు చూసుకోవడం

మీకు కనపడవు. రోజూ ఒకే టైముకి మీ ఆయన చేత ఫోన్‌లో ఫొటో తీయించండి, నిన్నటిదీ ఇవాళ్టిదీ పక్కపక్కన పెట్టి చూడండి. ఎరుపు చుట్టూ పాకుతోందా, నీరు కారుతోందా తెలిసిపోతుంది. స్నానం ఎప్పటినుంచో డాక్టర్‌ని అడిగి, తర్వాత మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టండి. పొట్ట మడత కింద తడి ఉండకూడదు. పసుపు, కొబ్బరినూనె, పౌడరు ఏదీ రాయకండి. గీత పైన మొద్దుబారినట్టు, దురదగా నెలల తరబడి ఉంటుంది, పర్వాలేదు.

ఇవి ఉంటే మాత్రం చెకప్ తారీఖు దాకా ఆగొద్దు: జ్వరం 100.4 దాటడం, చీము, దుర్వాసన, కుట్టు విచ్చుకోవడం, గంటకో ప్యాడ్ తడిసిపోవడం, ఒక పిక్క వాచి నొప్పి పుట్టడం, ఆయాసం, ఛాతీ నొప్పి, చూపు మసకబారేంత తలనొప్పి.

13. మొదటి బిడ్డ

ఆరు వారాలు ఎత్తుకోవద్దంటారు. మావాడికి మూడేళ్ళు, ఆ మాట వాడికెలా తెలుస్తుంది? మంచం మీద కూర్చుని వాడినే పైకి ఎక్కి రమ్మనేదాన్ని. వాడు ఆస్పత్రికి వచ్చినప్పుడు పాప నా ఒళ్ళో కాదు, ఊయలలో ఉండేలా చూశాం, ముందు వాడే నా పక్కన చేరాడు. దిండు కడుపుకి అడ్డం పెట్టుకోండి, తన్నులు తప్పవు.

14. ఇంటికి వచ్చేముందు

బిడ్డకి బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి వేశారా లేదా కార్డులో చూడండి. ఇన్సూరెన్స్ ఉంటే బిడ్డ బిల్లు విడిగా వస్తుందా, మీ దాంట్లోనే కలుస్తుందా అడగండి. ఆ తర్వాత జనన నమోదు ఫారం. 21 రోజుల్లోపు నమోదు కావాలి, బిడ్డ పేరు తర్వాతైనా చేర్చుకోవచ్చు, కానీ తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. మా ఆయన నిద్రమత్తులో చూడకుండా సంతకం పెట్టాడు, నా ఇంటిపేరులో ఒక అక్షరం తప్పుపడింది, అది సరిచేయించడానికి నాలుగుసార్లు తిరిగాం, నాలుగోసారి పాప కూడా నడుచుకుంటూ వచ్చింది. సంతకానికి ముందు ఫారం ఫొటో తీసి మీ ఫోన్‌కి పంపించమనండి, బెడ్డు మీద పడుకునే చదవండి.